ఏడో క్యాసెట్టు చివర

"మిగతా అందర్ని కోసేసి నాయనొక్కడినే పెద్దగ చెయ్యి చెల్లె," అంటూ ఆయన కూతురు ఒక ఫోటో నా ముందు పెట్టింది.

పోలీసు బెటాలియన్ బ్యాండు ఫోటో అది. మూడు వరుసల్లో ముప్పై మందిదాకా ఉన్నారు. తెల్ల బెల్టులు, టోపీలకు ఎర్ర కుచ్చులు. ఆయన రెండో వరుసలో ఉన్నారు. ముందున్న మనిషి ఎత్తిపట్టుకున్న పెద్ద బూర మూతి ఆయన ముఖాన్ని సగం మింగేసింది. మిగిలింది ఒక కన్ను, సగం మీసం, ఇత్తడి చుట్టల మీద ఎడమచేతి వేళ్ళు.

"ఆధార్ కార్డుల ఫోటో ఉంది గని, దాంట్ల నాయన దొంగ లెక్క ఉన్నడు. మిగతావన్ని వరదకు పోయినయి. దినం నాడు ఇదే పెడ్తం."

ఆయన పోయారని నాకు అప్పటికే తెలుసు. పాడె మా షాపు ముందునుంచే వెళ్ళింది. డోలు చప్పుడు దగ్గరకొస్తుంటే షట్టరు సగం దించి లోపల కూర్చున్నాను. వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. నేను మాత్రం షట్టరు కింద నడిచి వెళ్ళే కాళ్ళు చూశాను.

కోయడం నాకు బాగా వచ్చిన పని. ఆయన విషయంలో అంతకుముందు కూడా ఒకసారి కోశాను. ఆయన జీవితంలో ఒకే ఒక్కసారి ఒంటరిగా ఊది రికార్డు చేసుకున్న ఎనిమిది నిమిషాలను కోసి పారేశాను. అది చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

మా బాబాయికి దుమ్ముగూడెంలో జిరాక్సు, ఇంటర్నెట్ షాపు ఉంది. డిగ్రీ అయినప్పటినుంచీ నేనక్కడే కూర్చుంటున్నాను. మనుషులతో మాట్లాడటం నాకు చేతకాదు. కౌంటరు అవతలి మనిషి ఒకే మాట రెండోసారి అడిగితే మెడ మీద చెమట పడుతుంది. మధ్యలో కంప్యూటరు తెర ఉంటుంది కాబట్టి నెట్టుకొస్తున్నాను. గిరాకీ లేని మధ్యాహ్నాలు సొరుగులో దాచుకున్న పుస్తకం చదువుకుంటాను. ఇంటికెళ్ళాక డైరీ రాస్తాను. నోటితో అనలేని మాటలన్నీ అందులో అంటాను. అక్కడ నేను సిగ్గరిని కాను. అక్కడ నా నోరు మంచిది కూడా కాదు.

ఆయన మొదటిసారి వచ్చింది ఎండాకాలంలో. యూరియా సంచిలో ఏడు క్యాసెట్లు, పాత తువ్వాల్లో చుట్టిన టేపు రికార్డరు తెచ్చారు. బాబాయి సంచిలోకి తొంగి చూశాడు.

"గివి ఇప్పుడు ఎవరింటరు తాతా? పాత సామాన్లోనికి వేస్తే ఉల్లిగడ్డలన్న ఇస్తడు."

"ఉల్లిగడ్డలు ఇంట్ల ఉన్నయి. ఇవే ఎవరి దగ్గర లెవ్వు," అన్నారాయన.

మాట మొదలుపెట్టే ముందు ఆయన పెదాలు రెండూ బిగించి గుర్రంలా 'బుర్ర్' మని ఊదేవారు. కొత్తవాళ్ళు అది వెటకారమనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను. పెదాలను మేల్కొలపడానికి బ్యాండులో నేర్పిన అలవాటట అది. రిటైరై పదిహేనేళ్ళయినా వదల్లేదు.

"రికార్డరు పట్టీ సాగిపోయింది. పాట మధ్యల గొంతు సాగదీస్తున్నది. ఇది పూర్తిగ పోయేలోపల వీటిని చిప్పుల ఎక్కియ్యాలె."

బాబాయి నన్ను చూపించాడు. "మా పిల్ల నెట్ల చూసి చేస్తది. మాట్లాడది గని పని చేస్తది."

"మాట్లాడకుంటేనే మంచిది. వినే పనిది," అని ఆయన బల్ల లాక్కుని కూర్చున్నారు.

క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించడానికి దగ్గరదారి లేదు. రికార్డరుకూ కంప్యూటరుకూ ఒక తీగ కలిపి, పాట ఎంతసేపు ఉంటే అంతసేపూ ఆడించాల్సిందే. అలా పదమూడు మధ్యాహ్నాలు, అన్నాల వేళ దాటాక బజారు ఖాళీ అయినప్పుడు, ఆయన వచ్చి కూర్చునేవారు. రోజుకు ఒక వైపు.

ఆ క్యాసెట్లు ఆయనకు ఇచ్చింది వాళ్ళ బ్యాండు మాస్టరు. ఆ మాస్టరుది మద్రాసు వైపు. రిటైరై వెళ్ళిపోతూ, ఎక్కడెక్కడి రికార్డుల నుంచో ఎక్కించుకున్నవి ఈయన చేతిలో పెట్టారట. ఏడింటిలోనూ ఒకటే సరుకు. పడమటి దేశాల పాత సంగీతం, అందులోనూ ఫ్రెంచి హారన్ అనే బూర ముందు నిలబడి వాయించేది. ఆ బూరను నేను అంతకుముందు చూడలేదు. నెట్‌లో చూస్తే పాము చుట్టలా ఇత్తడి గొట్టం, ఆ చుట్టల్లోంచి వెనక్కి తిరిగిన వెడల్పు మూతి. ఎడమచేతి వేళ్ళు మీటల మీద ఉంటాయి. కుడిచేయి మూతి లోపల ఉంటుంది.

అప్పుడు నాకు ఆయన చేతులు అర్థమయ్యాయి. ఆయన కుడిచెయ్యి ఎప్పుడూ తొడ పక్కన దోసిలిలా వంగి, ఎవరో నీళ్ళు పోస్తారని ఎదురుచూస్తున్నట్టు ఉండేది. ఎడమచేతి మూడు వేళ్ళు దేన్ని పట్టుకున్నా దాన్ని మీటేవి. టీ గ్లాసైనా, కౌంటరు అంచైనా, నా స్టేప్లరైనా సరే. టీ తాగాక గ్లాసును అటోసారి ఇటోసారి తిప్పి, ఆఖరి బొట్టును గుమ్మం బయట రాల్చేవారు. ఊదినప్పుడు గొట్టంలో చేరిన నీళ్ళను అలాగే తిప్పి తిప్పి తీయాలట.

"నువ్వు బ్యాండుల ఏం పాటలు ఊదినవ్ తాతా?" అని అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

ఆయన బుర్ర్ మని ఊదారు. "పాట ఏడిది బిడ్డా? సర్వీసంత 'పా' ఊదిన."

"పా?"

"పెద్ద బూర ఉంటది సూడు, గాడు 'ఊం' అంటడు. మేం 'పా' అనాలె. ఊం-పా, ఊం-పా. పాటేమో ముందటోళ్ళది. మా బూర మూతి వెనక్కుంటది గద, ముందల నిలబడ్డ సాబులకు మేం వినబడం. వెనక నడిచే కానిస్టేబుళ్ళకు వినబడ్తం. గా 'పా' లేకుంటే వాళ్ళ కాళ్ళు కలవయి. పరేడంత పశువుల మంద అయితది." కొంచెం ఆగి అన్నారు, "ఇరవై తొమ్మిదేండ్లు గట్లనే. ఒక్క పాట మాకియ్యలె."

అందుకని ఆయనకు ఈ క్యాసెట్లు. ముందు ఫిడేళ్ళన్నీ కలిసి చాలాసేపు వాయించేవి. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. ఒక చోటికి వచ్చేసరికి కుడిచేతి దోసిలి కొంచెం పైకి లేచేది.

"ఇగో. ఇప్పుడొస్తడు మనోడు."

మనోడు వచ్చేవాడు. మిగతా వాద్యాలన్నీ పక్కకు జరిగి దారి ఇచ్చినట్టుండేది. ఆ గొంతు ఇత్తడిది అనిపించేది కాదు. వాగు అవతల నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టుండేది. ఆయన ముఖం చూడటానికి నాకు మొహమాటంగా ఉండి తెర వైపు చూసేదాన్ని.

"ఇది అడివి బూర బిడ్డా," అన్నారొకసారి. "గా దేశపోళ్ళు వేటకు పోయినప్పుడు ఒకల్లనొకల్లు పిలుసుకునేటందుకు ఊదేటోళ్ళంట. మాస్టరు చెప్పిండు. మా గూడెంల మా నాయన ఊదిన బర్రెకొమ్ము గూడ గదే గద! నేను అడివి ఇడిసి పోలీసుల చేరితే, అడివి బూరే నా చేతికొచ్చింది." ఆయన నవ్వారు. ముందు పళ్ళు రెండు లేవు. "పళ్ళు పోతే ఇగ ఊదలేరు. మంచిగయ్యింది, బూర కూడ లేదు."

బూర బెటాలియన్‌ది. రిటైరయ్యే రోజు స్టోరులో అప్పగించి సంతకం పెట్టాలి. ఆయనా పెట్టారు. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ దాన్ని ముట్టలేదు.

ఆ పదమూడు రోజుల్లో నేను మారిపోయాను. నెట్‌లో దొరికిందల్లా చదివాను. ఏ వాయింపు నున్నగా ఉందో, ఎక్కడ ఊపిరి తెగిందో నాకు తెలుస్తోందనుకున్నాను. టేపు మీద సర్రుమనే చప్పుడు తీసెయ్యడం, పాటకూ పాటకూ మధ్య ఖాళీలు కోసెయ్యడం నేర్చుకున్నాను. పాట పాటకూ నంబరు వేసి చక్కటి ఫోల్డరు తయారుచేశాను. మా బజారులో ఇలాంటి సంగీతం తెలిసినదాన్ని నేనొక్కదాన్నేనని డైరీలో రాసుకున్నాను. దాన్ని నా దగ్గరికి తెచ్చిన మనిషి పేరు ఆ పేజీలో లేదు.

ఏడో క్యాసెట్టు రెండో వైపు ఎక్కించాల్సిన రోజు ఆయన కంటి పరీక్షకు భద్రాచలం వెళ్ళాలి. పొద్దున్నే వచ్చి క్యాసెట్టు ఇచ్చారు.

"దీన్ని మట్టుకు ఆఖరుదాక పోనియ్యి బిడ్డా. మధ్యల ఆపకు."

ఇంకేదో చెప్పబోయినట్టు పెదాలు బిగించారు గాని, బస్సు హారన్ కొట్టింది. వెళ్ళిపోయారు. ఆఖరున ఏముంది తాతా అని ఒక్కమాట అడగాల్సింది. రోడ్డు మీద అరవడానికి సిగ్గేసింది.

ఆఖరుదాకా పోనిచ్చాను. ఆ మాట వరకు నిలబెట్టుకున్నాను. మనోడి పాట అయిపోయింది. ఆ తర్వాత చాలాసేపు సర్రుమనే చప్పుడు. తర్వాత 'టక్' మని మీట నొక్కిన శబ్దం, కోళ్ళు, ఒకామె గొంతు. ఆ వెనక ఎవరో ఆ పాటలోని నెమ్మది ముక్కనే ఊదడం మొదలుపెట్టారు. పగిలింది. మళ్ళీ ఊదారు. అక్కడే మళ్ళీ పగిలింది.

ఎనిమిది నిమిషాలు విన్నాను. విని, ఆ ముక్కను మొదటినుంచి చివరిదాకా ఎంచి, కోసేశాను. అంత బాగున్న సంగీతం చివర అది మరకలా ఉందనిపించింది. కంప్యూటరులో జాగా లేదని తెర మీద ఎర్ర అక్షరాలు వస్తుండటంతో, కోయని పెద్ద ఫైళ్ళన్నీ ఆ సాయంత్రమే తుడిచేశాను. డైరీలో దాని గురించి కొన్ని వాక్యాలు రాశాను.

అది ఆయనేనని నాకు తెలియదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. డైరీలో కూడా 'ఎవరో' అనే రాశాను. కాని ఏడు క్యాసెట్లు పట్టుకొచ్చిన మనిషి, జీవితమంతా ఆ బూరే ఊదిన మనిషి, ఆఖరుదాకా పోనియ్యి అన్న మనిషి ఒకడే ఉన్నాడు. నాకు తెలుసు. తెలిసి, ఆయన పరువు కాపాడుతున్నానని అనుకున్నాను.

మర్నాడు ఆయన వచ్చి చిప్పు, క్యాసెట్లు తీసుకున్నారు. భజనలకు వాడే చిన్న స్పీకరు ఒకటి కొనుక్కున్నారు. ఏ నంబరు నొక్కితే ఏది వస్తుందో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ముప్పై ఒకటితో ఆగింది ఆ జాబితా. ఆయన వేలు ముప్పై ఒకటి మీద ఒక క్షణం నిలబడింది. ఆఖరుది అదే అనుకున్నారు.

శ్రావణంలో గోదావరి వచ్చింది. ప్రతి ఏడూ వస్తుంది. ఈసారి వాళ్ళ కాలనీలోకి నడుము దాకా వచ్చింది. వరదకు బడిలో తలదాచుకున్న జనం ఇళ్ళకు వెళ్ళి నాలుగు రోజులు ఒండ్రు ఎత్తిపోసుకున్నారు. ఐదో రోజు ఆయన ప్యాంటు మడిచి, పిక్కలకు మన్ను ఎండిపోయి ఉండగా షాపుకు వచ్చారు. చాలా హుషారుగా ఉన్నారు.

"క్యాసెట్లు పోయినయి బిడ్డా! ట్రంకు పెట్టెల ఒండ్రు పేరుకున్నది. పోతే పోనీ. మంచిపని చేసినం, చిప్పు నా జేబుల ఉండె."

బాబాయి నవ్వాడు. "నీకు ఇల్లు పోయినా పర్వాలె, బూర ఉండాలె."

"ఇల్లు నాది గాదు, గవర్నమెంటుది." ఆయన నా వైపు తిరిగి, బల్ల ముందుకు లాక్కుని, గొంతు తగ్గించారు. "బిడ్డా, ఎల్లుండి మా ఇంటామె పోయి ఏడాదయితది. ఆ దినం విందామని ఇన్నాళ్ళు ఆఖరుదాన్ని ముట్టలె. బూర అప్పజెప్పే ముందు వారం, సాబును బతిమాలి ఒక్క పూట ఇంటికి తెచ్చిన. ఆమెనే టేపు పట్టింది. ఆమె గొంతు గూడ ఉంటది. ఇయ్యాల ఉత్తగ నంబరు సూద్దామని ముప్పై ఒకటి నొక్కితే గా దేశపోళ్ళదే వచ్చె. మాది ఏ నంబరు?"

నా మెడ మీద చెమట పట్టింది. నేను తెర వైపే చూస్తూ ఉన్నాను. తెర మీద ఎవరిదో రేషన్ కార్డు దరఖాస్తు ఉంది.

"అది రాలేదు తాతా," అన్నాను. "అక్కడ టేపు పాడైపోయింది."

అంతే అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది. మామూలుగా నాలుగు మాటలు కూడగట్టుకోలేని నోటికి ఆ అబద్ధం ఒక్కసారికే వచ్చేసింది.

బుర్ర్ మనబోయారు గాని పెదాలు బిగుసుకోలేదు, ఉత్త గాలి వచ్చింది. కౌంటరు అంచు మీద మూడు వేళ్ళు కదిలాయి, ఆగాయి.

"నా తప్పే బిడ్డా. ఒక్కపారి ఎండల ఇడిసిపెట్టిన ఆ సంచి. టేపు ఎండకు ఆగదని మాస్టరు చెప్పనే చెప్పిండు." లేచి నిలబడ్డారు. "నువ్వేం మనసుల పెట్టుకోకు. పదమూడు రోజులు నీకెంత తిప్పలు పెట్టిన!"

నాకు క్షమాపణ చెప్పి వెళ్ళారు.

వారం తర్వాత టేకాకులో పొట్లం కట్టి అడవి పుట్టగొడుగులు తెచ్చిచ్చారు. ఆ వరద బురదలో అవి వెతకడం ఎంత కష్టమో, ఆ మోకాళ్ళతో ఆయన ఎంత దూరం నడిచి ఉంటారో నాకు తెలుసు. "మా పిల్లకు," అన్నారు. పిన్ని వండింది. బాబాయి వేళ్ళు నాకాడు. "తాత మంచోడే," అన్నాడు. కడుపులో నొప్పి అని చెప్పి నేను తినలేదు. డైరీలో ఆ రోజు పేజీ ఖాళీగా ఉంది.

ఆ తర్వాత చలి మొదలయ్యే దాకా ఆయన మా షాపు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా చెయ్యి ఎత్తేవారు. నేను తల దించుకుని ఏదో టైపు చేస్తున్నట్టు ఉండేదాన్ని. లోపలికి రావడం తగ్గించారు. పనిలో ఉన్నాను కదా అనుకుని ఉంటారు.

ఇప్పుడు ఆయన కూతురు నా ముందు కూర్చుని ఉంది. వాళ్ళ అత్తగారిది ఏన్కూరు. నేను ముందున్న బూర మూతిని, పక్క మనుషుల భుజాలను ఒక్కొక్కటిగా కోస్తూ పోయాను. మిగిలిన సగం ముఖం తెర నిండా వచ్చింది.

"గింతే ఉన్నడా?" అంది. తర్వాత, "చెల్లె, ఇంకొకటి. నాయన ఊదింది అమ్మ టేపు చేసిందంట గద. పాడైందన్నడు. నీ కంప్యూటర్ల ఏమన్న ముక్క మిగిలిందేమో సూడరాదు? ఇంతయినా సరే. ఎండల పెట్టి నేనే ఖరాబు చేసిన అని ఒకటే మాట. దవాఖానల పండుకోని గూడ గదే అన్నడు."

ఇంకొక్కసారి 'లేదక్కా' అంటే సరిపోయేది. ఆమె నమ్మేది.

"టేపు పాడవలేదక్కా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. "ఎండకేం కాలేదు. బాగానే వచ్చింది. నేనే కోసేశాను."

"కోసుడేంది?"

చెప్పాను. ఫోల్డరు గురించి, చప్పుడు గురించి, తుడిచేసిన ఫైళ్ళ గురించి. మధ్యలో ఒకతను ఆధార్ జిరాక్సుకు వచ్చాడు. తీసిచ్చాను. మళ్ళీ చెప్పాను. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది.

"మరి నాయనకెందుకు చెప్పలె?"

"భయమేసింది."

"నాయనకు భయపడ్డవా? కోడిని గూడ అదిలియ్యకపోయేది నాయన." ఆమె గొంతు లేచింది. బాబాయి తల ఎత్తి చూశాడు. "నువ్వు కోసినందుకు గాదు. ఒక్కమాట చెప్తే ఏమయితుండె నీకు? నాల్గు నెలలు ఆ మనిషి నేనే పాడుచేసిన, నేనే పాడుచేసిన అనుకుంట..."

ఆగిపోయింది. బాబాయి లేచి నీళ్ళు తెచ్చి పెట్టాడు. ఏమీ అడగలేదు. ఆమె నీళ్ళు ముట్టలేదు.

కొంగుతో ముఖం తుడుచుకుని, "అమ్మ ఏమన్నది అందుల?" అంది.

"నేను డైరీ రాస్తానక్కా. ఆ రోజుది రాసుకున్నాను. అమ్మ అన్నవి ఉన్నాయి."

ఆమె ఫోటో తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. "దినానికి రా. ఆ బుక్కు తీస్కొని రా."

వెళ్ళాను. వరద చార గోడల మీద ఇంకా నడుము ఎత్తున ఉంది. దాని పైన సగం ముఖం ఫోటో, దండ. పై గూడెం నుంచి ఆయన అన్న, చుట్టాలు వచ్చారు. డోలు వాళ్ళు ఆగినప్పుడు ఎవరో ఆ చిన్న స్పీకరు పెట్టారు. ముప్పై ఒకటో నంబరు. మనోడు వచ్చాడు. జనం మాటలు ఆపి విన్నారు.

"ఎంత సాఫుగ ఊదిండే మామ!" అన్నదొకామె.

ఆయన అన్న చుట్ట పక్కన పెట్టాడు. "మా తమ్ముడు కాదది. వాడు గింత సాఫుగ ఎన్నడు ఊదిండు? నాయన కొమ్ము ఊదినా మధ్యమధ్యల ఆగి తనను తనే తిట్టుకుంటడు వాడు."

"అవ్ పెదనాయినా," అంది కూతురు. స్పీకరు ఆపేసింది. "ఇది వేరేటోళ్ళది. నాయనది ఇగో, ఈ పిల్ల దగ్గరుంది. సదువుతది."

ఇరవై మంది నా వైపు తిరిగారు. నేను బడిలో కూడా నిలబడి చదివినదాన్ని కాదు. పుస్తకం తెరిచాను. అక్షరాలు ఊగుతున్నాయి. చదివాను.

"'పాట అయ్యాక చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కోళ్ళు. ఒకామె, నొక్కిన, ఎర్రది నొక్కిన, తిరుగుతున్నది, ఊదు, అంది.'"

"అమ్మే," అంది కూతురు.

"'ఎవరో ఊదారు. నాలుగో స్వరం దగ్గర పగిలింది. ఛత్, నీ యక్క, అన్నాడు.'"

పెద్దాయన తొడ మీద చరుచుకున్నాడు. "ఇగో, గీడే నా తమ్ముడు!" అందరూ నవ్వారు. కూతురు కూడా నవ్వింది.

"'మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అక్కడే పగిలింది. ఆమె, కోడి గూడ పారిపోయింది, ఇగ చాలు తియ్, అని నవ్వింది. అతను ఆపలేదు. మూడోసారి ఆగకుండా ఆఖరుదాకా పోయింది. ఆమె ఏమీ అనలేదు. అయిపోయాక కూడా చాలాసేపు మీట నొక్కలేదు.'"

అక్కడ పుస్తకం మూశాను. కూతురు ఫోటో వైపు చూస్తూ, "అమ్మ ఏమనలేదంటే ఏడుస్తున్నదన్నట్టు," అంది. ఆ తర్వాత నా పక్కకు వచ్చి కూర్చుని, "ఇంకోపారి సదువు," అంది. చదివాను. వచ్చేటప్పుడు విస్తరాకులో అన్నం పెట్టింది. ఆ రోజు తిన్నాను.

ఆమె నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడగలేదు. కాని రెండుసార్లు చదివినప్పుడూ నేను ఒకే చోట పుస్తకం మూశాను. ఆ పేజీ అక్కడితో అయిపోలేదు. కింద ఇంకా ఉంది. ఆయన ఫోటో ముందు కూర్చుని మళ్ళీ ఒకసారి కోశాను, ఈసారి నన్ను నేను కాపాడుకోవడానికి. ఈ రాసింది అచ్చయితే ఒక ప్రతి ఏన్కూరుకు పంపుతాను. ఆమె చదువుతుంది. అందుకని ఆ మిగిలిన వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

'బర్రె ఈనుతున్నట్టుంది. నవ్వాపుకోలేక చచ్చాను. మొత్తం కోసేశాను. ఇప్పుడు ఫోల్డరు శుభ్రంగా ఉంది.'